ఆగినచోటే ఒకటి

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు ఈత రాదు.

గోదావరి సముద్రంలో కలిసేచోట, గుమ్మం దిగితే కాళ్ళకి నీళ్ళు తగిలే ఊళ్ళో, వల వేసేవాళ్ళ ఇంట్లో పుట్టి ఈ మాట అనడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కంసాలి కూతురు ఇత్తడికీ బంగారానికీ తేడా తెలీదన్నట్టు ఉంటుంది. ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళలో పెరిగాను, అదీ కారణం. సెలవులకి వచ్చినప్పుడల్లా లోవమ్మ పిన్ని నన్ను నడుంలోతు నీళ్ళలోకి లాక్కెళ్ళి, జడ గట్టిగా పట్టుకుని, "కాళ్ళాడించవే, నీ చదువు తగలెయ్య!" అని అరిచేది. నేను ఆడించేదాన్ని కాదు. ఆవిడ జడ వదిలేది కాదు. ఇప్పుడు చెప్పబోయేది ఆవిడ సంగతే.

ఎనభై ఎనిమిదిలో నేను కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం రాక ఇంట్లో ఉన్నాను. ఊళ్ళో అందరూ నన్ను కంప్యూటర్ పిల్ల అనేవాళ్ళు. నిజానికి అసలైన కంప్యూటర్ని నేను చూసింది ఒక్కసారే, అదీ చెప్పులు బయట విప్పి, అద్దం ఇవతల నిలబడి. అయినా ఆ పేరు బాగానే ఉందని ఊరుకున్నాను.

మా ఊరి దిగువన ఏటిలో గుంజలు పాతి వల కట్టుకునే చోట్లు పన్నెండు ఉన్నాయి. వల ఉన్న ఇళ్ళూ పన్నెండే. వరద తీశాక, ఆశ్వయుజంలో, ఆ ఏడాదికి ఏ ఇంటికి ఏ చోటో చక్రం తిప్పి తేలుస్తారు. రెండు, మూడు మంచి లోతు. అక్కడ వల కట్టి నిద్రపోయినా చేప పడుతుంది. పదకొండోది ఇసక మేట. అక్కడ కడితే వలలో నాచు పడుతుంది.

చక్రమంటే ఎడ్లబండి చక్రమే. రేవులో ఒక దుంగకి నిలువుగా బిగించి, ఇరుసు నుంచి అంచుకి పోయే ఆకుల మధ్య ఒకటి నుంచి పన్నెండు దాకా సున్నంతో అంకెలు రాశారు. పైన ఒక మేకు. చక్రం ఆగాక మేకు కింద ఏ అంకె ఉంటే ఆ చోటు. కిందటేడు మేకు సరిగ్గా మూడుకీ నాలుగుకీ మధ్యనున్న ఆకు మీద ఆగింది. కుడివైపు నిలబడ్డవాళ్ళకి మూడు కనిపించింది, ఎడమవైపు వాళ్ళకి నాలుగు. తలలు పగిలాయి. ఊరిపెద్ద బుల్లియ్య, అంటే మా నాన్నకి సొంత అన్న, తలకి కట్టు కట్టుకుని మరీ తీర్పు చెప్పాడు.

"వచ్చే ఏడు కంప్యూటర్ పెడదాం. దానికి బావమరుదులుండరు."

అలా ఆ పని నాకు పడింది.

లోవమ్మ పిన్ని మొగుడు ఆ ఏడు వరదలోనే పడవతో సహా పోయాడు. మా ఊరి కట్టుబాటు ప్రకారం మగవాడు పోయిన ఇంటి పేరు ఒక్క ఏడాది చక్రంలో ఉంటుంది. ఆ ఏడాది ఎలాగోలా గుంజలు పాతి వల నిలబెట్టుకుంటే ఆ ఇంటి పేరు నిలుస్తుంది. లేకపోతే పేరూ, వల చోటూ పోయినవాడి తమ్ముడికి వెళ్ళిపోతాయి. ఆ తమ్ముడు వీరాస్వామి. వరస చూస్తే నాకు బాబాయి. పిన్నితో చాలా మర్యాదగా మాట్లాడేవాడు. రోజూ వచ్చి, "ఎలా ఉన్నావు వదినా, ఈ ఒక్క ఏడూ ఓపిక పట్టు" అనేవాడు.

పిన్ని తమ్ముడు అంతర్వేదిలో ఎవరిదో పడవ మీద పనిచేస్తున్నాడు. "మంచి చోటు పడితే కబురెట్టక్కా, అంతా వదిలేసి వచ్చి గుంజలు పాతుతాను. ఇసక మేట పడితే మటుకు నన్ను పిలవకు" అని ముందే చెప్పేశాడు. అందుకని పిన్ని ఆ నెలంతా రెండో మూడో అని తప్ప ఇంకో మాట లేకుండా గడిపింది.

నేను మా అరుగు మీద తీగలు కలుపుతుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని వల చిరుగులు కుట్టేది.

చక్రం ఎంత తిరిగిందో చూసి చెప్పే ముక్కని ఎన్‌కోడర్ అంటారు. బ్రహ్మపదార్థమేమీ కాదు. అగ్గిపెట్టెకన్నా కాస్త లావు డబ్బా, బయటికి పెన్సిల్లా ఒక ఇరుసు. ఇరుసుతో పాటు లోపల చీలికలున్న పల్చటి బిళ్ళ తిరుగుతుంది. బిళ్ళకి ఒకవైపు చిన్న దీపం, రెండోవైపు రెండు కళ్ళు. చీలిక ఎదురొచ్చినప్పుడు కంటికి వెలుగు, పోయినప్పుడు చీకటి. డబ్బాలోంచి నాలుగు తీగలు వస్తాయి. ఎరుపు అయిదు వోల్టులకి, నలుపు గ్రౌండుకి, తెలుపు ఒక కంటిది, పసుపు రెండో కంటిది. ఆ కళ్ళు చెప్పింది మైక్రోకంట్రోలర్ చిప్ లెక్కపెట్టి, ఇంకో పెద్ద డబ్బా మీద ఎర్ర అంకె వెలిగిస్తుంది. చిప్పూ, ఎన్‌కోడరూ మా లెక్చరర్ గారు పాడైపోయిన ఏదో విదేశీ యంత్రంలోంచి విప్పి ఇచ్చారు. ఇస్తున్నప్పుడు ఆయన మొహం ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు ఉంది.

"రెండు కళ్ళెందుకే దానికి? ఒకటి చాలదా?" అంది పిన్ని.

"ఒక కన్నయితే తిరిగిందని తెలుస్తుంది. ఎటు తిరిగిందో తెలీదు. ఏ కన్ను ముందు వెలుగు చూస్తే చక్రం అటు తిరిగినట్టు."

"మా అత్తకీ అంతేనే. వెళ్తుంటే ఓ కన్నేసేది, వస్తుంటే ఇంకోటి. రెండిటికీ తిట్టేదనుకో."

తెలుపు, పసుపు తీగలకి ఒక్కో రెసిస్టర్ పెట్టి అయిదు వోల్టులకి లాగి కట్టాను. అలా కట్టకపోతే చీకటో వెలుగో తేల్చుకోలేక ఊగుతాయి. ఇరుసుని వేళ్ళతో కుడికి తిప్పి చూశాను. అంకె పెరగాల్సింది పోయి తగ్గింది. తెలుపుని పసుపు చోట, పసుపుని తెలుపు చోట పెట్టి మళ్ళీ సోల్డరు చేశాను. పెరిగింది.

"అంతేనా? ఇంత చదువూ రెండు దారాలు మార్చి కట్టడానికా?"

"దీనికే మూడేళ్ళు పట్టింది పిన్నీ."

"మీ నాన్నకి చెప్పకు, ఏడుస్తాడు."

బండి ఇరుసుకీ ఎన్‌కోడర్ ఇరుసుకీ మధ్య సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగాను. చక్రం కాస్త ఊగినా ఆ రబ్బరు సర్దుకుంటుంది. పడవ ఇంజను దగ్గరలో ఆడుతుంటే అంకె దానంతటదే వణికింది, అందుకని సిగ్నల్ తీగల చుట్టూ టీవీ యాంటెన్నా వైరు లోపలుండే రాగి జల్లెడ తొడిగి దాన్ని గ్రౌండు చేశాను. వణుకు తగ్గింది. చివరికి ఒక బటన్ పెట్టాను.

"ఇదేంటే?"

"దీనికొక గుణముంది పిన్నీ. ఎంత కదిలిందో చెప్తుంది కానీ, ఎక్కడుందో దానికి తెలీదు. కరెంటు ఆపి మళ్ళీ వేస్తే ఆగినచోటే ఒకటి అనుకుంటుంది. అందుకని వేసిన ప్రతిసారీ చక్రం మీద ఒకటిని మేకు కిందికి తెచ్చి ఈ బటన్ నొక్కాలి. అప్పుడు దాని లెక్కా చక్రం లెక్కా ఒకటవుతాయి."

పిన్ని నోటితో దారం కొరికి, "అన్నీ చెప్పాలన్నమాట పాపం" అంది.

బుల్లియ్య పెదనాన్నకీ ఇదే చెప్పాను. స్కూటర్ బ్యాటరీ ఒకటి ఇప్పిస్తే ఇంజను ఆగినా మరిచిపోకుండా చేస్తానన్నాను.

"ఇంజనెందుకాగుద్దే? నరసాపురం నుంచి గున్నేశ్వరరావు గారు కొత్త జనరేటర్ పంపుతున్నారు. శుభమా అని మొదలెడుతుంటే నీదంతా అపశకునం" అన్నాడు. గున్నేశ్వరరావు గారంటే మా ఊరి చేప కొనే ఐసు వ్యాపారి.

చక్రం నాటి సాయంత్రం రేవంతా జనం. చక్రానికి బంతిపూల దండ, దుంగ మీద నా డబ్బా, దాని మీద జానెడు ఎర్ర అంకెలు. ఆ అంకెలు చూసి ముసలాళ్ళు దండం పెట్టారు. గున్నేశ్వరరావు గారు కుర్చీలో కూర్చుని గోళీసోడా తాగుతున్నారు. నేను ఒకటిని మేకు కిందికి తెచ్చి బటన్ నొక్కి పక్కకి తప్పుకున్నాను.

పెదనాన్న పళ్ళెంలో రాళ్ళుప్పు పట్టుకొచ్చాడు. "ఇక మేకుతో పన్లేదు. డబ్బాలో ఏది పడితే అదే గంగమ్మ మాట. కాదన్నోడు గంగమ్మని కాదన్నట్టే. ఒప్పుకున్నోళ్ళు ఉప్పు పట్టండి."

ఇళ్ళ మగవాళ్ళందరూ చేతులు తడుపుకుని ఉప్పు పట్టారు. మా ఊళ్ళో ఒట్టంటే అదే. ఆడవాళ్ళు పట్టకూడదు. లోవమ్మ పిన్ని ఇంటి తరఫున వీరాస్వామి పట్టాడు. అన్నగారి ఇల్లు కదా.

ఒక్కొక్కళ్ళే వచ్చి తిప్పారు. ముందే పోయిన అంకె పడితే మళ్ళీ తిప్పాలి. ప్రతిసారీ నేను డబ్బానీ చూశాను, మేకు కిందా చూశాను. రెండూ ఒకటే. తొమ్మిదో ఇంటికి అయిదు పడేసరికి పొద్దు వాలింది. మిగిలిన ఇళ్ళు మూడు: వీరాస్వామిది, పిన్నిది, అన్నిటికన్నా చివర మాది. మిగిలిన చోట్లూ మూడే: రెండు, మూడు, పదకొండు.

పిన్ని చక్రం అవతల నుంచి నాకు మూడు వేళ్ళు చూపించి కనుబొమలెగరేసింది.

ఇంతలో పోటు తిరిగింది. పోటు తిరిగే వేళ ఏటికి హారతివ్వడం మా ఆచారం. ఆడవాళ్ళందరూ దీపాలతో నీళ్ళలోకి దిగాలి. మొగుడు పోయినవాళ్ళు దిగకూడదు. పిన్ని చక్రం పక్కనే ఉండిపోయింది. మగవాళ్ళు కూడా నీళ్ళ అంచుదాకా వచ్చేశారు. నా చేతిలోనూ ఎవరో దీపం పెట్టి లాక్కెళ్ళారు. ఈత రానిదాన్నని ఒడ్డు వైపు వరసలో మోకాలిలోతులో నిలబెట్టారు.

నేను నీళ్ళలో ఉండగా వెనక జనరేటర్ చప్పుడు ఆగిపోయింది.

"ఇంజనాపారేంటి?" అన్నాను.

"గంగమ్మ హారతికి ఇంజను చప్పుడేంటే? ఎప్పుడైనా ఉందా?" అంది పక్కావిడ. ఎప్పుడూ లేదు, నిజమే. పడవలన్నీ ఆపేసేవాళ్ళు. జనరేటర్ కూడా ఇంజనే.

"నేను పైకెళ్ళాలండీ, డబ్బా దగ్గర పనుంది."

"హారతి మధ్యలో ఒడ్డెక్కుతావా? అరిష్టం. నోర్మూసుకుని దీపం పట్టుకో." నా రెట్ట పట్టుకుంది. వల లాగే చెయ్యి అది, విడిపించుకోవడం నావల్ల కాలేదు.

పాట ఇంకా అవకుండానే వెనక మళ్ళీ జనరేటర్ మోగింది. మగవాళ్ళకి తొందర. నేను తడిసిన పరికిణీతో పరిగెత్తుకొచ్చేసరికి వీరాస్వామికి రెండు పడిందని ఈలలు వేస్తున్నారు. విధవ చక్రం ముట్టుకోకూడదు కాబట్టి పెదనాన్నే పిన్ని తరఫున తిప్పుతున్నాడు. చక్రం నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగింది.

డబ్బాలో పదకొండు.

జనం "అయ్యో" అన్నారు. ఆ అయ్యోలో జాలికన్నా హాయి ఎక్కువగా ఉంది.

నేను మేకు కింద చూశాను. మూడు.

"పెదనాన్నా, ఆగండి! అది పదకొండు కాదు, మూడు! మేకు కింద చూడండి."

ఆయన చూడలేదు. "మేకుతో పన్లేదనే కదే నీచేత ఇది చేయించింది?"

"ఇంజనాపారు కదండీ. ఆపితే మరిచిపోద్దని చెప్పాను. ఒకటి దగ్గర పెట్టి బటన్ నొక్కాలని మీకే చెప్పాను."

"చెప్పావేమో. చదువుకున్నోళ్ళు చాలా చెప్తారు. అవన్నీ గుర్తెట్టుకుంటే నేనూ డిప్లొమా అయ్యేవోణ్ణి."

అందరూ నవ్వారు. నేను చక్రం పట్టుకుని మెల్లగా తిప్పి, సున్నంతో రాసిన అయిదుని మేకు కిందికి తెచ్చాను. డబ్బాలో ఒకటి వెలిగింది.

"చూశారా? హారతికి ముందు అయిదు దగ్గర ఆగింది. దాన్నే ఇప్పుడు ఒకటి అనుకుంటోంది. నాలుగు అంకెలు తేడా. పిన్నికి పడింది మూడు. వీరాస్వామి బాబాయికి పడింది కూడా రెండు కాదు, ఆరు. ఆరు ముందే పోయింది కాబట్టి బాబాయి మళ్ళీ తిప్పాలి."

లెక్క అడిగితే చివరిదాకా చెప్పడం నాకు కాకినాడలో అలవాటైంది.

వీరాస్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. కోపమేమీ లేదు మొహంలో. చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"అమ్మాయ్, నాకు చదువు లేదు, తెలిసేలా చెప్పు. అయిదు దగ్గర అయిదే చూపించాలి గదా?"

"ఆయ్."

"ఇప్పుడు ఒకటి చూపిస్తంది. అంటే మధ్యలో ఏదో మారింది."

"చక్రం మారలేదు బాబాయ్, లెక్క మారింది. ఎవరూ తిప్పక్కర్లేదు. ఆగినచోటే ఒకటి అనుకుంటుంది."

"కదలకుండానే మారిపోయిందా?"

"మతిమరుపు కంప్యూటరంట్రోయ్!" వెనకనుంచి ఎవరో అరిచారు. "మా మావకి మల్లే, తాగి పడుకుని లేస్తే మొదటినుంచంట!"

గున్నేశ్వరరావు గారు సోడా కింద పెట్టి, చాలా మర్యాదగా అన్నారు. "అబ్బెబ్బే, కంప్యూటర్ మరిచిపోదండి. రైల్వేలో కూడా పెడుతున్నారు కదండీ. మనిషి వేలు పెడితేనేనండి తేడా వచ్చేది."

మనిషి వేలు అనగానే అందరికీ అంతా అర్థమైపోయింది. నేను అంతసేపు చెప్పినా అర్థం కానిది ఆ ఒక్క మాటకి అర్థమైంది.

"హారతప్పుడు మనందరం నీళ్ళ దగ్గరున్నాం" అన్నాడు వీరాస్వామి. "చక్రం దగ్గర ఎవరున్నారు?"

అందరూ తలలు తిప్పి పిన్ని వైపు చూశారు.

"నేను ముట్టుకోలేదు" అంది పిన్ని. "ముట్టుకోకూడదని నాకు తెలీదా?"

"నేనేం అన్లేదు వదినా. ఇంజను వేస్తున్నప్పుడు నాతో ఏవన్నావో అది చెప్పు చాలు."

"ఒకటి దగ్గరికి తిప్పించమన్నాను. ఆ పిల్ల చెప్పింది గదా అని. నోరు మూసుకోమన్నావ్ నువ్వు, నేను మూసుకున్నాను."

"విన్నారు గదండీ" అన్నాడు వీరాస్వామి, జనం వైపు తిరిగి. "చక్రం తిప్పాలని ముందే అనుకుంది."

"పిన్నికి చెప్పింది నేనే!" అని అరిచాను. "మా అరుగు మీద చెప్పాను!"

"అయితే ఇద్దరూ అరుగు మీద కూర్చునే అనుకున్నారన్నమాట" అన్నాడు పెదనాన్న.

అప్పుడు మా నాన్న వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మా నాన్న పేరు రాముడు. అన్నగారి ముందు గొంతు లేవదు ఆయనకి. "ఇటు రా కుమారీ. పెద్దాళ్ళు చూసుకుంటారు" అన్నాడు, చాలా మెల్లగా.

పెదనాన్న ఉప్పు పళ్ళెం తెప్పించాడు. పిన్ని చక్రం ముట్టుకోలేదని ఆ ఇంటి మగవాడు ఉప్పు పట్టి చెప్పాలి, చెప్తే అంతటితో సరి అన్నాడు. ఆ ఇంటి మగవాడంటే వీరాస్వామి.

వీరాస్వామి ఏటి అంచుకి వెళ్ళి చేతులు తడుపుకుని వచ్చాడు. ఎంత శ్రద్ధగా తడుపుకున్నాడంటే, వేళ్ళ సందులు కూడా రుద్దుకున్నాడు. పళ్ళెం ముందు కూర్చున్నాడు. చేతులు చాపాడు. అలాగే కాసేపు ఉంచాడు.

"నా కళ్ళతో చూడలేదన్నా. చూడనిదానికి ఉప్పెలా పట్టను? నాకూ పిల్లలున్నారు."

చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"నేను పడతాను" అని పిన్ని ముందుకొచ్చి పళ్ళెం మీదికి వంగింది. పెదనాన్న పళ్ళెం వెనక్కి లాగేశాడు.

"ముట్టుకుని మైల చెయ్యకు. ఇప్పటికి చేసింది చాలు."

పిన్ని చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. తడిగా కూడా లేవు.

తీర్పు తొందరగానే అయిపోయింది. డబ్బాలో పడింది గంగమ్మ మాట కాబట్టి వీరాస్వామి రెండు వీరాస్వామికే. వేలు పెట్టిన ఇంటి పేరు చక్రంలోంచి తీసేశారు. తీసేసిన పేరు కట్టుబాటు ప్రకారం పోయినవాడి తమ్ముడికి. "ఏడాది ఆగాల్సింది, కాస్త ముందైంది" అన్నాడు పెదనాన్న, ఏదో పెళ్ళి ముహూర్తం గురించి అన్నట్టు.

"బావగారూ!" అంది పిన్ని. అప్పటిదాకా ఆవిడ గొంతు బాగానే ఉంది. "పదకొండే ఇవ్వండి. నేను కాదన్లేదు గదా. ఆ పిల్ల అంది. నేనొక్క మాట కూడా అన్లేదు. ఇసక మేటే ఇవ్వండి, నేనే పాతుకుంటాను."

"నీ తరఫునే గదా అంది."

నేను మళ్ళీ నోరు తెరిచాను. మా నాన్న చెయ్యి నా నోటి మీదికి వచ్చింది. కొట్టలేదు. మూసిందంతే.

ఇక మా ఇల్లు ఒక్కటే మిగిలింది. మిగిలిన చోట్లు రెండే: మూడూ, పదకొండూ. పెదనాన్న హాయిగా నవ్వాడు.

"రాముడూ, నువ్వు తిప్పక్కర్లేదురా. ఇంత పని చేసి పెట్టింది నీ కూతురు, ఊరు ఊరికే పోనివ్వదు. రెండిట్లో నీకేది కావాలో చెప్పు. మిగిలింది వీరాస్వామి చూసుకుంటాడు, అన్నగారి పేరు మీద."

మా నాన్న నా వైపు చూడలేదు. పిన్ని వైపు చూడలేదు. ఏటి వైపు చూసి, "మూడు" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు.

పిన్ని చక్రం కిందనుంచి తన వల మూట తీసుకుంది. నెల రోజులు కుట్టిన వల. నా పక్కనుంచి వెళ్తూ ఆగి, "పదకొండైనా నాదుండేదే. ఎవరు చెప్పమన్నారే నిన్ను?" అంది. అరవలేదు. నిజంగానే అడిగింది. నాన్న చెయ్యి ఇంకా నా నోటి మీదే ఉంది.

ఆ ఏడాది మూడో చోట చేప బాగా పడింది. ఇంట్లో తరచూ పండుగప్ప పులుసు ఉండేది. నేనూ తిన్నాను. మా అమ్మ ఆ పులుసు బాగా చేస్తుంది.

మరుసటి ఏడు పెదనాన్న నన్ను పిలిపించి, మతిమరుపు లేకుండా చెయ్యగలవా అన్నాడు. చక్రం మీద ఒకటి దగ్గర చిన్న అయస్కాంతం కట్టాను. దుంగ మీద అది ఎదురొస్తే కలుసుకునే స్విచ్ పెట్టి, చిప్‌కి ఇంకో తీగ లాగాను. ఇక కరెంటు పోయి వచ్చినా, చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఒకటి ఎక్కడుందో అదే పట్టుకుంటుంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. హారతికి ఇంజను ఆపారు, మళ్ళీ వేశారు. డబ్బాలోనూ మేకు కిందా ఒకటే అంకె. పెదనాన్న అందరి ముందూ నాకు శాలువా కప్పాడు. వీరాస్వామి రెండుసార్లు తిప్పాడు, తన ఇంటికొకసారి, అన్నగారి ఇంటికొకసారి. రెండుసార్లూ యంత్రం నిజమే చెప్పింది.

పిన్ని నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ వెనక రొయ్యలు వలుస్తోంది. ఆ ఫ్యాక్టరీ ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటాను. ఉద్యోగం ఇంటర్వ్యూకని వెళ్తూ అక్కడి రేవులో ఏరు దాటించే పంటు కోసం నిలబడి ఉంటే కనిపించింది. వేళ్ళన్నీ తెల్లగా నానిపోయి ఉన్నాయి. పలకరించదేమో అనుకున్నాను.

"ఈతొచ్చిందా?" అంది.

"లేదు పిన్నీ."

"మంచిది. ఒడ్డునే ఉండు."

పంటు వచ్చింది, ఎక్కేశాను.

మీ ఊళ్ళో కూడా ఇలాంటిది జరిగే ఉంటుంది. చక్రం కాకపోతే ఇంకోటి, కంప్యూటర్ కాకపోతే ఇంకెవరి మాటో. అందరి కళ్ళకీ మూడు కనిపిస్తుంటే పదకొండని ఒప్పుకున్న రోజు ఏదో ఉండే ఉంటుంది. ఉంటే నాకు రాయండి. ఊరి పేరు అక్కర్లేదు, మనుషుల పేర్లూ అక్కర్లేదు. ఆ వేళ మీరెక్కడ నిలబడి ఉన్నారో అది మటుకు రాయండి.